ఆడబిడ్డ ఆవు

ఊత్తంగరై,
6 డిసెంబర్ 2024

అమ్మాయి తారకు,

ముందు ఈ మాట చదువు. నేను బతికే ఉండాను. కాలూ చెయ్యీ బాగుండాయి, ఇంటికప్పు బాగుండాది. మిగతాది నిదానంగా చదువు. నీకు జాబు వస్తే కింద నుంచి పైకి చదువుతావని మీ అన్న చెప్పి నవ్వేవాడు. ఈసారి అట్లా చదవద్దు.

ఫోను నీళ్లలో పడి చచ్చింది. పాపక్క ఫోన్లో మాట్లాడొచ్చు గానీ, ఆమె స్పీకరు పెట్టకుండా ఎవరినీ మాట్లాడనియ్యదు. తర్వాత వీధంతా మన ఇంటి సంగతే. గుర్రప్ప వారానికి రెండుసార్లు టెంకాయల బండి హోసూరుకు తోలుతాడు కదా, ఆయన చేతికి ఈ జాబు ఇస్తా ఉండాను. ఆయనకు అరవం తప్ప తెలుగు అక్షరం రాదు, మన గుట్టు బయటపడదు. మా కుప్పం బడిలో ఏడో తరగతి దాకా చదివింది ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది.

సోమవారం తెల్లవారుజామున పై చెరువు కట్ట తెగింది. రెండు రోజులు పడిన వాన నువ్వు టీవీలో చూసే ఉంటావు. రోడ్డు మీద నిలబెట్టిన బండ్లు కూడా కొట్టుకొని పోయినాయి. మన ఇంట్లో గడప దాకానే వచ్చినాయి నీళ్లు. కొట్టం పల్లంలో ఉండాది కదా, ఆడ నడుం లోతు. నేను కొడవలి పట్టుకొని పోయేటప్పటికే గోడ ఒక పక్క నానిపోయి ఉండాది, చూస్తా ఉండగానే కూలింది. నా జెర్సీ ఆవులు రెండూ పోయినాయి. బొల్లి కూడా పోయింది. బొల్లి కూతురు, ఆ చూడి పెయ్య ఒక్కటే దక్కింది. దానికి ఐదో నెల. పాపక్క వాళ్ల వసారాలో కట్టేసినాను.

ఇంక పని సంగతి. చచ్చిన పశువులకు సర్కారు సాయం ఇస్తా ఉండాది, ఆవుకు ముప్పై ఏడున్నర వేలంట. పశువుల డాక్టరు వచ్చి చూసినాడు, ఫోటోలు తీసినాడు, చెవి ట్యాగుల నంబర్లు రాసుకొని పోయినాడు. ఒకే కొట్టంలో చచ్చినాయి కాబట్టి మూడింటికీ కలిపి తాలూకాఫీసులో ఒకటే మను, అదే అర్జీ, పెట్టినాను. ఆడే వచ్చింది చిక్కు. రెండేండ్ల కింద ట్యాగులు వేసేదానికి వచ్చినప్పుడు "ఈ ఆవు ఎవరిదమ్మా?" అని అడిగినారు. "నా ఆడబిడ్డది" అన్నాను. ఉన్న మాటే చెప్పినాను. నీ పేరు, మీ హోసూరు ఇంటి నంబరు రాసుకొన్నారు. ఇప్పుడు కంప్యూటర్లో బొల్లి నీ పేరు మీద ఉండాది. కాబట్టి నీ ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌బుక్ కాపీ గుర్రప్పకు ఇచ్చి పంపు. ఆలస్యం చేయొద్దు.

నీ మోకాలు ఎట్లుండాది? మీ ఆయన గిరిప్రసాదన్నను అడిగినానని చెప్పు.

మీ వదిన
తాయారమ్మ

-

హోసూరు,
10 డిసెంబర్ 2024

వదినకు నమస్కారం.

కింద నుంచి పైకే చదివాను. అన్న అబద్ధం చెప్పలేదు. ముందు మోకాలు కనబడింది, తర్వాత ఆధార్, తర్వాత బ్యాంకు, ఆ పైన ఎక్కడో బొల్లి. "బొల్లి కూడా పోయింది" అని మూడు మాటల్లో రాసేశావు. నా పెళ్లినాడు నాన్న నాకు అరణంగా ఇచ్చిన ఆవు వంశం అది. హోసూరులో రెండు గదుల ఇంట్లో ఆవును ఎక్కడ కట్టేది అని అక్కడే ఉంచేశాం. ఇరవై ఆరేళ్లుగా దాని కడుపున పుట్టిన ప్రతి ఆడదూడా తారదే అని మీరు చెప్పడం, ఏడాదికోసారి నెయ్యి పంపడం, నేను ఇక్కడ ఇరుగుపొరుగుకు "మా పుట్టింటి ఆవు నెయ్యి" అని గొప్పలు పోవడం. ఆ ఆవు చచ్చిపోయిందని నాకు ఆధార్ కాపీ అడిగే జాబులో తెలిసింది. నువ్వు ప్రాణాలతో ఉన్నావు, అది చాలు, దేవుడికి దండం. కానీ కోపం వచ్చింది వదినా, అందుకే రాస్తున్నాను.

మా ఆయన చేతికి నీ జాబు ఇవ్వకూడదనుకున్నాను. ఆయనే అడిగి చదివించుకున్నాడు. ఆధార్ మాట వచ్చేసరికి లేచి నిలబడ్డాడు. "ఏందే ఇది? సర్కారు సాయం లిస్టులో నీ పేరు యాడిది? బియ్యం మండీ నడిపి జీఎస్టీ కట్టేవాడి పెండ్లాం ఆవు చచ్చిందని డబ్బు తీసుకొంటే, రేపు ఎవరన్నా వచ్చి అడిగితే నేనేం చెప్పేది?" అని ఒకటే గోల. ఆయనకు పామంటే భయం లేదు, కాగితమంటే భయం. నాకూ ఒక మాట అర్థం కాలేదు. నా పేరు సర్కారు కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు ఒక్క మాట నాకు చెప్పి ఉండకూడదా? రెండేళ్లు ఎందుకు దాచావు?

ఆధార్ ఇప్పుడు పంపలేను. గుర్రప్ప చేతికి ఐదు వేలు, రెండు చీరలు ఇచ్చాను. ఆ సాయం డబ్బు రాకపోతే ఏం, మేము లేమా?

పాపక్క వసారాలో పెయ్యకు చలి తగలకుండా గోనెపట్ట కప్పు.

తార

-

ఊత్తంగరై,
14 డిసెంబర్ 2024

తారమ్మకు,

చీరలు ఉంచుకొన్నాను. ఆకుపచ్చది బాగుండాది. రెండోది నువ్వు కొన్నది కాదు, ఎవరో గృహప్రవేశంలో నీకు పెట్టింది, నాకు తెలీదా? అయినా కట్టుకొంటాను. డబ్బు మాత్రం వాపసు పంపినాను, లెక్కపెట్టుకో. నేను అడిగింది కాగితం. నువ్వు పంపింది నోట్లు. వరదలో ఆవులు పోయినాయి గానీ నా చేతులు పోలేదు కదమ్మా.

దాచినానన్నావు. చెవికి ట్యాగు కుట్టింది కూడా జాబు రాసి చెప్పాల్సిన సంగతి అని నాకు తోచలేదు. బొల్లి నీది అనేది ఊరంతా ఎరుగుదురు, సర్కారుకూ చెప్పినాను, అంతే. బొల్లి గురించి మూడు మాటలే రాసినానన్నావు, అది మాత్రం నిజం. నాలుగో మాట రాసేదానికి చెయ్యి రాలేదు.

ఈడ నాకు పొద్దు పోదు. నాలుగు గంటలకు మెలకువ వస్తాది. లేచి చెంబు చేతికి తీసుకొంటాను, కొట్టం దాకా పోతాను, ఆడ ఏముండాది, బురద. మళ్లీ వస్తాను. పాల సొసైటీ బండి హారన్ కొట్టుకొంటా మన ఇంటి ముందర నిలబడకుండా పోతాది. పాపక్క ఇంటికి పోయి పెయ్యకు గడ్డి వేస్తాను, అది తినేదాకా నిలబడతాను. అంతే నా దినం. మా కుప్పం అన్న రెండుసార్లు వచ్చినాడు. "ఒంటిదానివి, ఆవులూ లేవు, ఇంకేమి పని నీకు ఈడ? ఇల్లు బీగం వేసేసి మాతో వచ్చేయ్" అంటాడు. ఆ ఇంట్లో కోడండ్లకు కూరగాయలు తరిగి ఇచ్చే ముసలిదాన్ని కావడం నాకు ఇష్టం లేదు. రెండు ఆవులు కొనుక్కొంటే ఈడనే ఉంటాను. దానికే ఈ సాయం డబ్బు.

ఇప్పుడు తాలూకాఫీసులో ఏమన్నారో చెప్తాను. మూడు ఆవుల్లో ఒకటి వేరే ఊరి మనిషిది అని కంప్యూటర్ చూపిస్తా ఉండాది, కాబట్టి మను మొత్తం నిలిపేసినారు. ఒక్కటి తప్పైతే మూడూ తప్పేనంట. ఆడ కూర్చున్న అబ్బాయి మంచోడే. "ఏం కష్టం లేదమ్మా, ఆమె పశువులేవీ నావి కావు అని ఒక కాగితం రాసి సంతకం పెడితే మూడూ మీ పేరు మీదనే పోతాయి" అన్నాడు. ఆయనే అరవంలో రాసిచ్చినాడు, తెలుగులో నేను దింపి దీంట్లో పెట్టినాను. "ఊత్తంగరై తాలూకాలో నాకు పశువులు ఏవీ లేవు. తాయారమ్మ కొట్టంలోని పశువుల మీద నాకు ఇప్పుడూ హక్కు లేదు, ఇక ముందూ ఉండదు." అంతే. నీ ఆధార్ నంబరు వద్దు, బ్యాంకు వద్దు, మీ ఆయన నిమ్మళంగా నిద్రపోవచ్చు. ముప్పయ్యో తేదీ ఆఖరు. ఒక్క సంతకం పెట్టి పంపేయ్.

మీ వదిన
తాయారమ్మ

-

హోసూరు,
18 డిసెంబర్ 2024

వదినా,

ఈసారి పైనుంచి కిందికే చదివాను. చదివి మడిచాను, మళ్లీ విప్పి చదివాను. "ఇప్పుడూ హక్కు లేదు, ఇక ముందూ ఉండదు." ఇంత పెద్ద మాటకు నువ్వు పెట్టిన పేరు "ఒక్క సంతకం".

మా ఆయన సంతోషపడ్డాడు. "ఇదేదో బాగుండాది, పీడా పోయింది, పెట్టేయ్" అని పెన్ను కూడా తెచ్చిచ్చాడు. ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం ఆయన. నేను పెన్ను తీసుకోలేదు.

నీకు గుర్తుందో లేదో, నా పెళ్లప్పుడు నువ్వు ఆ ఇంటికి కోడలుగా వచ్చి ఆరేళ్లు. తలంబ్రాలు అయ్యాక నాన్న ఆ ఆవును పందిట్లోకి తోలుకొచ్చి పలుపు నా చేతిలో పెట్టాడు. బంధువులందరి ముందర, "ఇది నా బిడ్డ సొమ్ము. ఈ ఇంట్లో ఇది ఉన్నంత కాలం నా బిడ్డ ఈడ చుట్టం కాదు" అన్నాడు. నగలు ఎన్నో పెట్టాడు, అవన్నీ కరిగి మండీలో కలిసిపోయాయి. నేనేమీ అనుకోలేదు. అన్న పోయిన ఏడాది భూమి నీ పేరుకు మార్చాలంటే ఏం చేశాను వదినా? కాగితం చదివానా? టీ తాగినంత సేపట్లో సంతకం పెట్టి, ఆ గ్లాసు నేనే కడిగిపెట్టి వచ్చాను. భూమికి అడిగితే పెట్టాను. ఆవుకు పెట్టను.

ఇంకొకటి. గుర్రప్ప దాచడం తెలియనివాడు, మండీలో మూటలు దింపుతూ చెప్పేశాడు. "కుప్పం నుంచి మీ వదినోళ్ల అన్న వచ్చినాడమ్మా, పెయ్య చుట్టూ తిరిగి నోరు తెరిచి పండ్లు చూసినాడు, ముప్పై వేలు అన్నాడు" అని. ఇదన్నమాట సంగతి! నా చేత లేదనిపించుకుంటే ఆ పెయ్యను అమ్మడానికి అడ్డం ఉండదు. దానికి సర్కారు, కంప్యూటర్, ముప్పయ్యో తేదీ, ఇన్ని సాకులు ఎందుకు? "అమ్ముకుంటాను తారా" అని ఒక్క మాట రాసి ఉంటే నేను అంత బాధపడేదాన్ని కాదు.

కాగితం వాపసు పంపుతున్నాను. సంతకం లేదు.

తార

-

ఊత్తంగరై,
21 డిసెంబర్

తారకు,

క్షేమసమాచారాలు అడిగే ఓపిక నాకు లేదు.

మా అన్న పెయ్య పండ్లు చూసింది నిజమే. ఆయన పశువుల మనిషి. పెండ్లికి పోయినా ముందు బండి ఎద్దు పండ్లు చూసి తర్వాత పెండ్లికొడుకును చూస్తాడు. ముప్పై అన్నదీ నిజమే. నేనేమన్నానో గుర్రప్ప చెప్పినాడా? "అది నా ఆడబిడ్డది. అమ్మే హక్కు నాకు లేదు, కొనే హక్కు నీకు లేదు" అన్నాను. మా అన్న మూతి ముడుచుకొని కాఫీ తాగకుండా పోయినాడు. ఆ మాట చెప్పలేదు గదా ఆ గుర్రప్ప? సగం మాట మోసేవాడు టెంకాయలు మాత్రం నిండుగా ఎట్లా మోస్తాడో!

నేను సాకులు చెప్తానా? అయితే విను. ఎవరికీ చెప్పలేదు, పాపక్కకు కూడా. ఆ తెల్లవారుజామున నడుం లోతు నీళ్లలో నా చేతిలో ఒక కొడవలి ఉండాది, ఎదురుగా నాలుగు పలుపులు. ముందర కట్టేసిండేది నా జెర్సీలనే. పూటకు పదేసి లీటర్లు ఇచ్చే పశువులు, నా కూడు అదే. వాటిని దాటుకొని లోపలికి పోయినాను. ముందు నీ పెయ్య పలుపు కోసినాను. తర్వాత బొల్లి కాడికి పోయినాను. అది పూటకు రెండు లీటర్లు కూడా ఇయ్యదు, ముసిలిది. దాని పలుపు సగం కోసినాను, గోడ పడింది. నేను వెనక్కి తిరిగేటప్పటికి నావి రెండూ మునిగిపోయినాయి. అవి నన్నే చూస్తా ఉండినాయి తారా. అరిచినాయి కూడా. ఒకరు మన చేతికిచ్చిన సొమ్మును ముందు కాపాడల్ల అని మా అమ్మ నేర్పించింది. అట్లనే చేసినాను. ఇప్పుడు నువ్వు నన్ను దొంగను చేసినావు.

సంతకం వద్దు. ఏమీ వద్దు. సోమవారం పోయి మను వాపసు తీసుకొంటాను. నీ పెయ్యను గుర్రప్ప బండిలో ఎక్కించి పంపుతాను, మీ మండీ ముందర కట్టేసుకో, బియ్యం మూటలు తింటా హాయిగా ఉంటాది. నేను బీగం వేసుకొని కుప్పం పోతాను.

తాయారమ్మ

-

హోసూరు,
22 డిసెంబర్

వదినా,

పెయ్యను పంపొద్దు. మను వాపసు తీసుకోవద్దు. గుర్రప్పను మండీలోనే ఆపి ఈ నాలుగు ముక్కలు రాసి పంపుతున్నాను, ఇప్పుడే, ఇంకేమీ రాయలేను. ముప్పయ్యో తేదీ దాకా ఆగు. నా మీద ఒట్టు, సోమవారం ఆ ఆఫీసుకు పోవద్దు.

నువ్వు నీళ్లలో అంత లోపలికి ఎందుకు పోయావు? నీకేమన్నా అయి ఉంటే నేను ఎవరితో కొట్లాడేదాన్ని?

తార

-

ఊత్తంగరై,
31 డిసెంబర్ 2024

తారమ్మకు,

నిన్న నేను తాలూకాఫీసు వరండాలో కూర్చొని ఉండాను. ఆఖరు దినం కదా, జనం జాతర మాదిరి ఉండారు. కోళ్లు పోయినవాళ్లు, మేకలు పోయినవాళ్లు, ఫోటో లేనివాళ్లు, ఫోటోలో తోక మాత్రమే పడినవాళ్లు. నువ్వు ఏమి చేస్తావో నాకు తెలీదు, గుర్రప్ప వస్తాడేమో కాగితంతో అని గేటు కాడికి లేచి పోతా, మళ్లీ కూర్చొంటా ఉండాను. పదకొండుకు నువ్వు వచ్చినావు. ఆ మోకాలితో మూడు బస్సులు మారి వచ్చినావు. నా పక్కకు రాలేదు. తిన్నగా పోయి వరసలో నిలబడినావు.

నీ వంతు వచ్చినప్పుడు ఆ అబ్బాయి, నువ్వే మళ్లీ రాసి సంతకం పెట్టి తెచ్చిన కాగితం చేతికి తీసుకొని, "మీకు ఈడ ఆవు ఉండాదామ్మా, లేదా? నోటితో చెప్పండి" అన్నాడు. నువ్వు నన్ను చూసినావు. "లేదు సార్. నాకు ఆవే లేదు" అన్నావు. అందరికీ వినబడేటట్లు గట్టిగా అన్నావు. నేను అడిగిందే అది, నా పని జరిగింది, మూడూ నా పేరున ఎక్కించినారు. అయినా ఆ మాట నీ నోట్లో నుంచి వచ్చినప్పుడు, "లేదు లేదు, ఉండాది సార్" అని అరిచేద్దామా అని లేచినాను. పక్కన ఉండే ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది, వరస తప్పి ముందుకు పోతా ఉండానని అనుకొన్నట్లుంది.

ఆ తర్వాత నువ్వు చేసిన పనిని మాత్రం నేను క్షమించను. ఊత్తంగరై దాకా వచ్చి, ఇంటికి రాకుండా, గుక్కెడు నీళ్లు తాగకుండా బస్సెక్కి పోతావా? నీకోసం అన్నం వండి పెట్టి వచ్చినాను, వస్తావో రావో తెలీకుండానే. నేను బయటికి వచ్చి వెతికేలోగా కృష్ణగిరి బస్సు కదిలింది. కిటికీలో నీ జడ కనబడింది.

ఎందుకు పోయినావు? రాసెయ్.

మీ వదిన
తాయారమ్మ

-

హోసూరు,
8 జనవరి 2025

వదినకు,

ఎందుకు పోయానో రాయమన్నావు. ఎనిమిది రోజులు పట్టింది.

నువ్వు కొట్టంలో చేసింది చదివాక సంతకం పెట్టకుండా ఉండలేకపోయాను. నా ఆవు కోసం నీ కూడు నీళ్లలో కలిసింది. దానికి బదులు నేను ఒక్క మాట చెప్పలేనా అనుకున్నాను. బస్సులో వస్తూ ఆ మాట పదిసార్లు లోలోపల అనుకున్నాను, ఏమీ కాలేదు. ఊరికే కాగితం పని అనిపించింది. ఆ అబ్బాయి "నోటితో చెప్పండి" అన్నాడు చూడు, అప్పుడు తెలిసింది. చెప్పాక నోరంతా చేదైపోయింది. ఆవు లేదని అందరి ముందర చెప్పిన నోటితో ఆ గడప ఎట్లా తొక్కాలి వదినా? ఏమని లోపలికి రావాలి? ఆవు ఉన్నంత కాలం నా బిడ్డ చుట్టం కాదు అన్నాడు నాన్న. ఇప్పుడు చుట్టాన్నే కదా. చుట్టాలు పిలిస్తే రావాలి, పెట్టింది తినాలి, పోవాలి.

నిన్ను అనడం లేదు. నీ తప్పు లేదు. ఆ ఆఫీసు అబ్బాయి తప్పూ లేదు. నాకే ఎక్కడో కోసినట్టు ఉంది, అది తగ్గాలి. ఇక నెయ్యి పంపొద్దు. పెయ్య నీది, ఉంచుకున్నా అమ్ముకున్నా నన్ను అడగొద్దు. మా ఆయన నిన్న, "నీ మొగం చూస్తే నేనే పోయి ఒక ఆవును తెచ్చేదా అనిపిస్తా ఉండాదే" అన్నాడు. పాపం, ఆయన అంత దూరం వచ్చాడు. నాకు నవ్వు రాలేదు.

ఆరోగ్యం చూసుకో.

తార

-

ఊత్తంగరై,
24 ఫిబ్రవరి 2025

తారమ్మకు,

నాలుగు జాబులు రాసినాను, జవాబు లేదు. కొత్త ఫోను కొన్నాను, గుర్రప్పకు నంబరు ఇచ్చి పంపినాను, నేను చేస్తే నువ్వు ఎత్తవు. గిరిప్రసాదన్న ఎత్తి, "పూజలో ఉండాదమ్మా" అంటాడు. మధ్యాహ్నం మూడు గంటలకు ఏమి పూజ?

సాయం డబ్బు పడింది, మూడు ఆవులకూ. కుందారపల్లి సంతకు పోయి ఒక జెర్సీని కొన్నాను, మా అన్న వచ్చి పండ్లు చూసి పెట్టినాడు. కొట్టానికి రేకులు వేయించినాను, ఈసారి మిట్ట మీద. సొసైటీ బండి మళ్లీ మన ఇంటి ముందర నిలబడతా ఉండాది. అన్నీ అయినాయి. అయినా నాకు కుదురు లేదు. రెండో ఆవును కొనేదానికి చేతులు రాలేదు. నువ్వు లేదన్న మాటకు వచ్చిన డబ్బు అది, దాన్ని ముట్టుకొంటే ఆ వరండానే కనబడతాది.

ఒక ముక్క రాయి. తిట్టి అయినా రాయి.

మీ వదిన
తాయారమ్మ

-

ఊత్తంగరై,
22 ఏప్రిల్ 2025, పొద్దున ఏడు గంటలు

తారా,

పెయ్య ఈనింది. ఇంతకు ముందే, తెల్లగా తెల్లవారినాక. తొలిచూలు కదా, రెండు గంటలు కష్టపడింది, డాక్టరును పిలిపించినాను. ఆడదూడ. లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కొంటా ఉండాది, నేను ఒక చేత్తో దాన్ని ఆనించి ఒక చేత్తో రాస్తా ఉండాను, అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

దూడ తాగినాక మిగిలిన ముర్రుపాలు పిండినాను. ఒక చెంబు వచ్చినాయి. మీ అమ్మ నాకు నీ పెండ్లైన కొత్తలో చెప్పింది, అరణపు ఆవు ఈనితే దాని జున్ను ముందు ఆ ఆడబిడ్డ నోట్లో పడాల, తర్వాతనే ఇంట్లో వాళ్లు ముట్టుకోవాల అని. నీ ఆవులు ఈనినప్పుడల్లా నువ్వు వచ్చినావు, రాలేనప్పుడు మీ అన్న టిఫిన్ క్యారియర్లో తెచ్చిచ్చినాడు. ఇప్పుడు నాకు ఏం చేయాల్నో తెలీదు. పొయ్యి వెలిగించినాను, ఆర్పేసినాను. ఎండ ముదిరితే పాలు విరిగిపోతాయని పాపక్క ఫ్రిజ్‌లో పెట్టినాను. ఆమె, "ఏమి తాయారమ్మా, నా ఫ్రిజ్‌లో పెట్టి నాకు ఒక గిన్నె కూడా ఇయ్యవా?" అంటా ఉండాది. ఇయ్యలేదు. అది నాది కాదు ఇచ్చేదానికి. చెంబుకు మూత పెట్టి వచ్చేసినాను.

నిన్న మా అన్న మళ్లీ వచ్చినాడు. ఈసారి నేను కోపంగా మాట్లాడలేదు. ఆయనకు ఒక మాట చెప్పి పంపినాను, అదే నీకూ చెప్తా ఉండాను. నేను ఇన్నేండ్లు ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఎందుకు ఉండినాను? పది లీటర్ల జెర్సీల కోసమా? అవి కుప్పంలో అయినా పాలిస్తాయి. నీ ఆవు ఈడ ఉండాది, నీ ఇల్లు ఈడ ఉండాది, దానికి వాకిలి తెరిచి పెట్టే మనిషి ఉండాల అని ఉండినాను. నీకు నిజంగా ఆవు లేకపోతే, నాకు ఈడ పని లేదు. బీగం వేసి పోతాను.

కాబట్టి ఆఫీసులో అబ్బాయి అడిగిందే నేనూ అడుగుతాను. గుర్రప్ప బండి పెట్టుకొని నిలబడి ఉండాడు, నీ జవాబు తీసుకొనే రమ్మన్నాను. ఆలోచించి చెప్పు. నీకు ఈడ ఆవు ఉండాదామ్మా, లేదా?

వదిన

-

హోసూరు,
22 ఏప్రిల్, పన్నెండున్నర

వదినా,

ఉంది.

ఫోన్లో చెప్పేయమన్నాడు మా ఆయన. వద్దన్నాను. కాగితం మీద లేదన్నాను కాబట్టి కాగితం మీదే ఉందంటున్నాను. గుర్రప్ప మండీ ముందర హారన్ కొడుతూనే ఉన్నాడు, కొట్టనీ. మా ఆయన లోపల సంచీ సర్దుతూ "మిరియాలు తీసుకొన్నావా? వాళ్లింట్లో మిరియాలు ఉంటాయో లేదో" అంటున్నాడు. ఆయన కూడా వస్తాడట, దూడను చూడాలట. ఇద్దరం రెండు గంటల బస్సుకు బయలుదేరుతున్నాం, పొద్దుగూకేలోగా వస్తాం. పొయ్యి నువ్వు వెలిగించు, పాలు నేను పెడతాను.

ఇంకొకటి. అది నా జున్ను, నేను చెప్తున్నాను. పాపక్కను పొద్దున్నుంచి కాపలా పెట్టావు, పాపం. ముందు ఆమెకు ఒక గిన్నెడు పాలు తీసిపెట్టు.

తార